వేళ్లతో చదివిన తంతి

మొన్నటి డిసెంబరు పదమూడో తారీకు, శుక్రవారం. ఆ పొద్దున వెంకటకృష్ణ రెండు జొన్నరొట్టెలు, ముందురోజు మిగిలిన దోసకాయ పప్పు, చివరికి గరిటెడు పెరుగు తిన్నాడు. తిన్నది ఇంత వివరంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ తర్వాత పొద్దుగూకే దాకా ఆయన నోట్లోకి ఏమీ పోలేదు. నోట్లోంచి బయటికి వచ్చింది మాత్రం చాలా ఉంది. అందులో నిజం పాలు తక్కువ.

ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం చాలా మామూలుది. పదింటికి బడికి వెళ్లాలి. పదకొండింటికి తీగ మీద వచ్చే వార్త ఒకటి చదవాలి. చప్పట్లు కొట్టించుకోవాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి ఒక కునుకు తీయాలి. డెబ్బై రెండేళ్ల మనిషి ఇంతకంటే చిన్న పథకం వేసుకోవాలంటే అసలు మంచం దిగకూడదు.

ఊరి పేరు ఇప్పవాగు. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి పెట్టుకుని కూర్చున్న ఊరు. అక్కడి టెలిగ్రాఫ్ ఆఫీసులో వెంకటకృష్ణ ఇరవై రెండేళ్లు మాస్టరుగా చేశాడు. అంతకాలం ఒకే చోట ఉంచారంటే పనితనం మెచ్చి కాదు. ఆ ఊరికి బదిలీ మీద రావడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. మధిర దగ్గర సొంత పొలాలున్న కుటుంబం ఆయనది. ఉద్యోగం పేరుతో వచ్చి, ముందుగానే రిటైరై, భార్య పోయినా ఇక్కడే ఉండిపోయాడు. అడిగినవాళ్లకు గాలి బాగుందని చెప్పేవాడు.

ఆఫీసు మూతపడ్డాక ఆ పాత భవనం పక్కనున్న హైస్కూలుకు దక్కింది. హెడ్‌మిస్ట్రెస్ సంగీత దానికి సున్నం కొట్టించి, ఫోన్లు లేని కాలంలో కబురు ఎలా నడిచేదో పిల్లలకు చూపించే గదిగా చేయాలనుకుంది. ఇత్తడి మీట ఒకటి, వార్త వచ్చినప్పుడు టకటకమని కొట్టుకునే సౌండర్ ఒకటి వెంకటకృష్ణ అటక మీద ఉన్నాయని తెలిసి ఇంటికి వచ్చింది.

"సార్, మీరు వచ్చి ఈ మిషన్ల గురించి పది నిమిషాలు చెప్తే చాలు."

అంతటితో సరే అని ఉంటే ఈ కథ లేదు.

"చెప్పడమేంటమ్మా, చేసి చూపిస్తా. తండా నుంచి బడి దాకా నిజం తీగే లాగుదాం. అక్కణ్ణుంచి దేవ్‌సింగ్ కొడతాడు, ఇక్కడ నేను విని రాస్తా."

సంగీత ముఖం కొంచెం మారింది. "ఎందుకు సార్ గంత శ్రమ? తీగలు గీగలు వద్దు. ఊరికే చెప్పుండ్రి, సరిపోతది."

"శ్రమేముంది! ఇరవై రెండేళ్లు విన్న చెవులు ఇవి."

ఆమె ఆ చెవుల వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి ఆగి, "సరే సార్" అని లేచింది.

ఆ చెవుల సంగతి ఇక్కడ చెప్పుకోక తప్పదు. వెంకటకృష్ణ ఖమ్మం కాలేజీలో బీఎస్సీ చదివాడు. తీగ ఎందుకు పలుకుతుందో అరగంట చెప్పగలడు. మీట మీద వేలు పెడితే మద్దెల వాయించినట్టు వార్త పంపగలడు. వచ్చిన వార్త వినడం మాత్రం ఆయనకు ఏనాడూ పట్టుబడలేదు. చుక్కలూ గీతలూ ఒకదాని మీద ఒకటి పడి, గంపలోంచి గులకరాళ్లు ఒంపినట్టు వినిపించేవి. ఆఫీసు వెనక గోడ అవతలే వాళ్ల వంటిల్లు. అక్కడ కూర తరుగుతూ ఆ చప్పుడు విన్న భార్య రాఘవమ్మకు ఆరు నెలల్లో మొత్తం వచ్చేసింది. ఆ తర్వాత ఇప్పవాగుకు వచ్చిన ప్రతి వార్తా ఆమె విన్నదే. ఆమె చీటీ మీద రాసి లోపల్నుంచి అందించేది. ఆయన దాన్ని ఫారం మీద ఎక్కించి సంతకం పెట్టేవాడు. సంతకం మాత్రం ఆయన సొంతం.

ఎనభై ఆరు వరదల్లో నీళ్లు పెరుగుతున్నాయని, గుట్ట ఎక్కమని భద్రాచలం నుంచి వచ్చిన వార్త కూడా ఆమె విన్నదే. ఊరు ఊరంతా బతికింది. పేరు ఆయనకొచ్చింది, ప్రశంసాపత్రం గోడకెక్కింది. అప్పటికి కూతురు రాజ్యశ్రీకి ఐదేళ్లు. నాన్న చెవి వల్ల ఊరు బతికిందని బళ్లో వ్యాసం రాసింది, కాలేజీలో ఉపన్యాసం చెప్పింది, ఇప్పుడు పాల్వంచ థర్మల్ స్టేషన్లో ఇంజినీరుగా చేస్తూ క్యాంటీన్లో చెప్పుకుంటోంది. రాఘవమ్మ ఉన్నన్నాళ్లూ నిజం చెప్పేద్దామని ఆయన నాలుగైదుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు చెబితే, కూతురి దగ్గర మిగిలిన ఆ కాస్త గొప్ప కూడా పోతుంది. ఆ శుక్రవారం ముఖ్య అతిథిగా సంగీత పిలిచింది రాజ్యశ్రీనే.

అందుకని వెంకటకృష్ణ ముందుజాగ్రత్త పడ్డాడు. వార్త ఏమిటో తానే రాసి, దాని చుక్కలూ గీతలూ ఒక కాగితం మీద వేసి దేవ్‌సింగ్‌కు ఇచ్చాడు. 'ఇప్పవాగు పిల్లలకు తండా నుంచి నమస్కారం.' దేవ్‌సింగ్ పాత లైన్‌మన్, ఆయన కంటే రెండేళ్లు చిన్న. వారం పాటు టిఫిన్ డబ్బా మూత మీద సాధన చేశాడు. భార్య కమ్లి ఓర్చుకోలేక బడి దాకా వచ్చి ఫిర్యాదు చేసింది.

"ఏంది సార్ గిది? పొద్దున లేస్తే మూత, పండవోతే మూత. కోళ్లన్నీ మేత ఏస్తుండ్రనుకొని ఉరికొస్తున్నయ్."

"శుక్రవారం దాకా ఓపిక పట్టు కమ్లీ."

"నేను పడత. కోళ్లకెవలు చెప్పాలె?"

గురువారం సాయంత్రం ఇద్దరూ తీగ లాగారు. తండా నుంచి బడి దాకా కిలోమీటరు పైనే. అడవి అంచున మొక్కజొన్న చేల గట్ల మీదుగా వెదురు బొంగులు పాతి, వాటికి పగిలిన సీసాల మెడలు తొడిగి, వాటి మీదుగా ఒంటి తీగ. కరెంటుకు పన్నెండు టార్చి సెల్లులు చాలు. రెండో తీగ అక్కర్లేదు. రెండు చివర్లా గడ్డపార దిగ్గొట్టి ఉప్పునీళ్లు పోస్తే తిరుగుదారి నేలే చూసుకుంటుంది.

"మొదట్లో ఇట్లాగే చేశారు దేవ్‌సింగ్," అన్నాడు వెంకటకృష్ణ తీగ బిగిస్తూ. "నూట ఎనభై ఏళ్ల కింద కలకత్తా దగ్గర ఒక డాక్టరు దొర వెదురు బొంగుల మీదే తీగ లాగాడు. అప్పటికి వినడానికి మంచి మిషను లేదు. తీగ కొస మీద వేళ్లు పెట్టి, తగిలే చిన్న చిన్న షాకులు లెక్కబెట్టి వార్త చదివేవాళ్లు."

దేవ్‌సింగ్ సుత్తి దించాడు. "షాక్ కొట్టించుకునేటందుకు జీతమిచ్చిండ్రా సార్?"

"ఇచ్చే ఉంటారు."

"మనం ఊకెనే కొట్టించుకుంటిమి గద సార్, గిన్నేండ్లు."

పొద్దున మేకలూ బండ్లూ తీగకు తగులుకోకుండా దేవ్‌సింగ్ ఇంకో మంచి పని చేశాడు. కమ్లి పాత లంగా చించి, ప్రతి పది అడుగులకూ ఒక ఎర్ర పేలిక కట్టాడు. ఇద్దరూ వెనక్కి నిలబడి చూసుకుని, ముచ్చటగా ఉందనుకుని ఇళ్లకు వెళ్లారు.

ఆ అడవి అంచున, చేను పక్కన, మోకాలెత్తు బొంగుల మీద రాత్రికి రాత్రి తీగ వెలిస్తే అర్థం ఒకటే. అడవిపందుల కోసం ఎవరో కరెంటు పెట్టారు. స్తంభం మీంచి దొంగతనంగా కరెంటు లాగి పరిచే ఆ తీగకు పందులే కాదు, ఎడ్లూ మనుషులూ పోయారు. ఎర్ర పేలికలు కట్టారంటే తమవాళ్లు తొక్కకుండా గుర్తు పెట్టుకున్నారని లెక్క. యాభై ఏళ్లుగా ఆ గాలి పీలుస్తున్న వెంకటకృష్ణకు ఇది తెలియక కాదు, తోచలేదు. తీగ అంటే ఆయనకు వార్త. ఊళ్లో మిగతా అందరికీ పంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి తన చేనుకు వచ్చిన రైతు రామ్‌సింగ్ ఆ తీగ చూసి, కాలు గాల్లోనే ఆపి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశాడు. తర్వాత ఫారెస్టు బీట్ ఆఫీసర్ కోటేష్‌కు చేశాడు. కరెంటువాళ్లు, ఎందుకైనా మంచిదని, మూడు ఊళ్లకు లైను ఆపేశారు.

వెంకటకృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకుని పదింటికి బడికి చేరేసరికి మైకు లేదు, ఫ్యాను లేదు. పిండిమర ఆగిపోవడంతో జొన్నలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు, పనిలో పనిగా ఇక్కడేం జరుగుతోందో చూద్దామని వచ్చి వరండాలో కూర్చున్నారు. సెలూన్‌లో సగం గడ్డం గీయించుకున్న ఒకాయన కూడా వచ్చాడు. అరవై మందికి అనుకున్న సభ రెండు వందలైంది.

అప్పుడే బస్సు దిగి వచ్చింది రాజ్యశ్రీ.

"ఏంది బిడ్డా," అని వరండాలోంచి ఎవరో ఆడమనిషి అందుకుంది, "కరెంటు తయారుజేసే పిల్ల ఊర్లకు వస్తాందనంగనే ఉన్న కరెంటు పాయె!"

"నేను మా దగ్గర బాగానే తయారుచేసి పెట్టొచ్చా అత్తా. మధ్యలో ఎవరో తాగేశారు," అంది రాజ్యశ్రీ. అందరూ నవ్వారు. వెంకటకృష్ణ కూడా నవ్వాడు. అంత మనస్ఫూర్తిగా ఆయన మళ్లీ నవ్వడానికి చాలాసేపు పట్టింది.

గది గుమ్మం పైన కొత్త బోర్డు ఉంది, దాని మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆయన అటు చూడనట్టే చూశాడు. సంగీత ఆయన్ను చూసి ఇబ్బందిగా నవ్వింది. ముఖ్యమైన మనుషులను చూసినప్పుడు జనం అలాగే నవ్వుతారని ఆయన సర్దుకున్నాడు.

మైకు లేకపోవడంతో దూరంగా కూర్చున్నవాళ్లకు ఏమీ వినిపించదని సంగీత అందరినీ దగ్గరికి జరగమంది. జనం జరిగి జరిగి బల్ల అంచుల దాకా వచ్చేశారు. ఒకవేళ మర్చిపోతే చూసుకుందామని ఆయన వార్త రాసి పెట్టుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది. నాలుగు వందల కళ్ల ముందు దాన్ని తీయడానికి వీల్లేదు.

రాజ్యశ్రీ రెండు ముక్కలు మాట్లాడింది. "ఎనభై ఆరులో ఇదే గదిలో, ఇదే బల్ల ముందు మా నాన్న ఒక వార్త విన్నాడు. అది వినకపోతే మీలో చాలామంది, నేను కూడా, ఇక్కడ ఉండేవాళ్లం కాదు."

చప్పట్లు కొట్టారు. ఎందుకో కాస్త తడబడుతూ కొట్టారు. ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పదకొండయింది. అందరూ ఊపిరి బిగబట్టారు. సౌండర్ కదల్లేదు.

పదకొండూ రెండు. "దేవ్‌సింగ్ గడియారం కొంచెం నెమ్మది," అన్నాడు వెంకటకృష్ణ.

పదకొండూ ఐదు. "గీ మిషన్ గూడ కరెంటుకే నడుస్తదా సారూ?" అని పిండిమర ఆడవాళ్లలో ఒకామె అడిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. తండాలో ఫోన్ సిగ్నల్ ఉండదు. కనుక్కుందామంటే ఉన్న ఒక్క దారీ ఎదురుగా బల్ల మీద మూగగా కూర్చుని ఉంది.

పదకొండూ ఎనిమిదికి రాజ్యశ్రీ లేచింది. "నాన్నా, లైన్ ఎక్కడో తెగినట్టుంది. నేను వెళ్లి చూసొస్తా."

ఇంజినీరు వెళ్లి చూస్తే దేవ్‌సింగ్ దగ్గరున్న కాగితం కనబడుతుంది. వెంకటకృష్ణ చెయ్యి అడ్డం పెట్టాడు. "కూర్చో అమ్మా, కూర్చో! వస్తోంది!"

"ఎక్కడ? ఏం వినబట్టంలేదే?"

"సన్నగా వస్తోంది. సౌండర్‌ను కదిలించేంత బలం లేదు. చెవికి అందదు." నోరు దానంతట అదే ముందుకు పోయింది. "వేలికి అందుతుంది."

తీగ కొస ఊడదీసి ఎడమ చూపుడువేలు దాని మీద, కుడిది గడ్డపార తీగ మీద పెట్టాడు. "పిల్లలూ, ఇది అన్నిటికంటే పాత పద్ధతి. కలకత్తాలో మొదట ఇట్లాగే చదివారు." కళ్లు మూసుకున్నాడు. భుజం సన్నగా అదిరించాడు. "చుక్క." మళ్లీ అదిరించాడు, ఈసారి కాస్త ఎక్కువసేపు. "గీత."

సభ మొత్తం "అబ్బా" అంది.

"నాన్నా, పన్నెండు టార్చి సెల్లులకు షాక్ ఎట్లా కొడుతుంది?" అంది రాజ్యశ్రీ నెమ్మదిగా.

"వేలును బట్టి ఉంటుందమ్మా."

అప్పుడు జనంలోంచి దారి చేసుకుంటూ జంపక్క వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే మనిషి. చేతిలో సాసర్, అందులో టీ గ్లాసు. ఆయన మోచేతి పక్కన పెట్టింది.

"సారూ, ముందుగాల టీ తాగుండ్రి."

"తర్వాత జంపక్కా."

"సల్లారిపోతది సారూ. గ్లాసు లేపుండ్రి జర."

"వార్త వస్తుంటే టీ ఏంటి!"

"గందుకే సారూ. టీ తాగి సదువుండ్రి," అంటూ ఆమె గ్లాసును ఇంకాస్త ముందుకు జరిపింది. ఆయన మోచేత్తో దాన్ని పక్కకు నెట్టి మళ్లీ అదిరాడు. జంపక్క నెత్తి కొట్టుకుని నిలబడిపోయింది.

ఆ పైన వెంకటకృష్ణకు ఊపు వచ్చింది. అక్షరం అక్షరం అదురుతూ, రెండుచోట్ల పళ్లు కూడా కొరుకుతూ వార్త మొత్తం చదివాడు. ఇప్పవాగు పిల్లలకు తండా నుంచి నమస్కారం. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ముందు వరసలో పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. వాళ్ల కోసం ఇంకో ముక్క చేర్చాడు. "ఇక్కడ అంతా క్షేమం. దేవ్‌సింగ్ హాయిగా కూర్చుని ఈ వార్త పంపుతున్నాడు."

చప్పట్లు మోగాయి. అవి ఇంకా ఆగకముందే గుమ్మంలో ఖాకీ చొక్కా కనబడింది. బీట్ ఆఫీసర్ కోటేష్. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు, భుజాన చుట్ట చుట్టిన తీగ. తీగ పొడుగునా ఎర్ర పేలికలు. అతని వెనక, చేతిలో పన్నెండు సెల్లుల పెట్టె పట్టుకుని, రాజకీయ ఖైదీలా గంభీరంగా దేవ్‌సింగ్.

"గీ తీగ ఇంకో కొస గీడికే వచ్చింది. గిక్కడ ఎవలు పెట్టిండ్రు దీన్ని?" అన్నాడు కోటేష్.

"నేనే బాబూ," అన్నాడు వెంకటకృష్ణ. వేళ్లు ఇంకా కొసల మీదే ఉన్నాయి.

"పందులకా?"

"పిల్లలకు!"

కోటేష్ ముఖం పాలిపోయింది. సంగీత పరుగున వచ్చి, టెలిగ్రాఫ్ ప్రదర్శన అనీ, సెల్లుల కరెంటు అనీ విడమర్చి చెబితే గాని అతనికి మళ్లీ రంగు రాలేదు.

"నేను గంట సంది గదే చెప్తున్న," అన్నాడు దేవ్‌సింగ్. "సార్, పదింటికి పట్టుకున్నరు నన్ను. గిది తార్ అయ్యా, తార్ అయ్యా అని మొత్తుకుంటే, తార్ అంటే తీగే గద, గందుకే కోసినమంటరు. నన్ను ఫారెస్టు క్యాంపుల కూసోబెట్టి పందిని యాడ దాసినవని ఒకటే అడుగుడు."

కోటేష్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మర్యాద తెలిసిన కుర్రాడు. కానీ అనుమానం వస్తే ఊరుకోలేడు. బల్ల మీది తీగ కొసను, దాని మీదున్న వేలును మార్చి మార్చి చూశాడు.

"సార్, తీగ తొమ్మిదిన్నరకే కోసినం. నేను కిటికీలకెల్లి చూసిన, మీరు బగ్గ వణుకుతుండ్రి. మీకు షాక్ యాడికెల్లి కొట్టింది?"

అందరి చూపులూ ఆ వేలి మీదికి తిరిగాయి. పిండిమర ఆడవాళ్లవి కూడా. వెంకటకృష్ణ రాజ్యశ్రీ వైపు చూశాడు. ఆమె ఆయన వైపే చూస్తోంది, చిన్నప్పుడు లెక్క తప్పు వచ్చినప్పుడు పలక వైపు చూసినట్టు. ఏమీ తోచక పక్కనున్న టీ గ్లాసు అందుకున్నాడు.

గ్లాసు కింద చీటీ ఉంది.

ఉపాధ్యాయుల హాజరు పుస్తకం అంచు చించి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. 'సారూ తీగ కోసిండ్రంట. దేవ్‌సింగును తోలుకపోయిండ్రంట. సదవకుండ్రి.'

ఆయన చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. చీటీలో ఉన్న కబురు కంటే, అది ఉన్న చోటు ఆయన్ను కదిలించింది. ఇరవై రెండేళ్లు రాఘవమ్మ చీటీ అందించింది అచ్చం ఇలాగే. టీ తెచ్చినట్టు తెచ్చి, గ్లాసు కింద. ఆ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసని, ఇప్పుడు ఒక్కరికే తెలుసని ఆయన నమ్మకం.

"జంపక్కా," అన్నాడు మెల్లగా, "ఇక్కడ పెట్టాలని నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పాలె సారూ? ఊరందరికెర్కే. టీ వస్తెనే తార్ వచ్చేది. తార్ కోసమొచ్చినోళ్లం, అమ్మా ఇంకా పొయ్యి ముట్టియ్యలేదా అని అడిగి కూసునేది."

వరండాలో ముసలివాళ్లు తలలూపారు. వెంకటకృష్ణ బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఇక దాచడానికి ఏమీ మిగలనప్పుడు మనిషికి వచ్చే ధైర్యం ఒకటి ఉంటుంది. అది వచ్చింది.

"రాజ్యం, నేను ఒక్క వార్త కూడా సరిగ్గా వినలేదమ్మా. అన్నీ మీ అమ్మ విన్నవే. వరద రోజు వార్త కూడా."

రాజ్యశ్రీ బల్ల మీది చీటీ అందుకుని చదివింది.

"ఆ రోజు నేను విని..."

"నీళ్లు తగ్గుతున్నయని చెప్పిండ్రు," అని జంపక్క సాయం చేసింది. "నేను మీ పక్కనే ఉంటి, కొత్తగ కాపురానికొచ్చిన. నీళ్లు తగ్గుతున్నయ్, ఇండ్లకు పోండ్రని మీరంటుంటే, అమ్మ చేతుల గంటెతోనే బయటికురికొచ్చి, గుట్టెక్కుండ్రి, ఎక్కనోళ్లను గీ గంటెతో కొడతనని ఒర్లింది. ఎక్కినం. అందరికన్న ముందల మీరే ఎక్కిండ్రు సారూ."

నవ్వాలో వద్దో తెలియక జనం ఆయన వైపు చూశారు. ఆయనే ముందు నవ్వేశాడు. దాంతో అందరూ నవ్వారు. కోటేష్ కూడా టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

"మరి ఇన్నేళ్లు ఒక్కరూ ఒక్క మాట అనలేదే?"

"అమ్మ వద్దన్నది. మా ఆయన మనిషి మంచోడే, చెవులొక్కటే వాడకం లేనివి, ఏమనకుండ్రని చెప్పింది. గదొక్కటే అడిగింది మమ్మల్ని. గంతటి మనిషి అడిగినంక అంటమా?"

సంగీత ముందుకు వచ్చింది. చేతులు నలుపుకుంటోంది. "సార్, మీరు నొచ్చుకోనంటే ఒకటి చెప్పాలె. వారం సంది మాకు నిద్రలేదు. గది పేరు ఏం పెడదామని ఊర్లె అడిగితే అందరూ ఒక్కటే పేరు చెప్పిండ్రు. బోర్డు రాయించినం. ఇగ మీ ముందల గుడ్డ ఎట్ల తీయాలె? గందుకే తీగలు వద్దు, ఊరికే మాట్లాడుండ్రి అన్న. మీరేమో వినకపోతిరి!"

"నేను విననని ఇప్పుడే కదమ్మా తేలింది," అన్నాడు వెంకటకృష్ణ.

గుడ్డ ఆయనే లాగాడు. నీలం రంగు బోర్డు మీద తెల్లటి అక్షరాలు, 'రాఘవమ్మ తంతి గది.' వాటికేసి ఆయన చాలాసేపు చూశాడు. ఊరు తనను మోసం చేస్తోందని తెలియక తాను ఊరిని మోసం చేస్తున్నాననుకుంటూ ఇన్నాళ్లు కష్టపడ్డాడు. ఆ కష్టమంతా వృథా పోయినందుకు ఇంత తేలిగ్గా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

రాజ్యశ్రీ వచ్చి పక్కన నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి గాని గొంతు ఇంజినీరుదే.

"అయితే నాన్నా, ఇరవై రెండేళ్లు నువ్వు ఆఫీసులో ఏం చేసేవాడివి?"

"టీ తాగేవాణ్ణమ్మా."

ఆమె ఒక్క క్షణం బిగబట్టుకుని, ఆపుకోలేక ఆయన భుజం మీద తల పెట్టి నవ్వింది. నవ్వు మధ్యలో, "నా వ్యాసానికి ఫస్టు ప్రైజ్ ఇచ్చారు తెలుసా," అంది. "మా హెడ్‌మాస్టారుది ఈ ఊరే."

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. పిండిమర ఆడవాళ్లు జొన్నలు ఎత్తుకున్నారు. సగం గడ్డం ఆయన సెలూన్‌కు పరుగెత్తాడు. దేవ్‌సింగ్ మాత్రం వారం రోజుల సాధన వృథా పోనివ్వనని పట్టుబట్టి, మీటను బల్ల మీదే బిగించుకుని నమస్కారం మొత్తం కొట్టాడు. పిల్లలు ఒక్కొక్క అక్షరం చార్టులో చూసుకుని రాసుకున్నారు. వెంకటకృష్ణ కంటే త్వరగానే రాశారు.

ఆ సాయంత్రం ఏడు దాటాక కోటేష్ ఇంటికి వచ్చాడు, చంకలో ఒక ఫైలుతో. రాజ్యశ్రీ ఆ పూట ఉండిపోయింది, లోపల పక్కలు వేస్తోంది. వెంకటకృష్ణ వరండాలో దీపం వేసి కుర్చీ చూపించాడు.

"మాఫ్ చేయుండ్రి సార్. ఫోన్ల కంప్లెయింట్ ఎక్కింది, తీగ జప్తు చేసినం. ఫారం నింపకుంటే కేసు మూయరు. మీరు సంతకం పెడితే రేపు తీగ వాపస్ ఇస్త." కుర్చీ అంచున కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. "తీగ పొడవు రాసిన. బొంగులు రాసిన. సీసా మెడలు, ఎర్ర గుడ్డలు రాసిన. కరెంటు యాడికెల్లి అంటే టార్చి సెల్లులని రాసిన." కలం ఆగింది. "గీ ఒక్క గడి మిగిలింది సార్. ఉచ్చుల చిక్కిన జంతువు. ఖాళీ వదిలితే పైనోళ్లు ఊకోరు."

వెంకటకృష్ణ ఫైలు తన వైపు తిప్పుకుని ఆ గడి చూశాడు.

"నా పేరు రాయి బాబూ."

లోపల రాజ్యశ్రీ, నవ్వు బయటికి వినబడకుండా, తలుపు మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టింది. కోటేష్ ఉద్యోగం పట్ల శ్రద్ధ ఉన్న మనిషి. ఇంటిపేరు కూడా అడిగాడు.